ఈస్టరు ముందురోజు రాళ్లవాన

అమీర్‌పేటలో ఆ రోజుల్లో సొంతిల్లు ఉన్నవాళ్లు చాలామంది ఒకటే పని చేశారు. ఉన్న గదుల మధ్య చెక్క గోడలు కొట్టించి, ఇనప మంచాలు వేయించి, గేటుకు హాస్టల్ అని బోర్డు తగిలించారు. జీవమణి కూడా అంతే చేసింది. మేడమీది వాటాలన్నీ ఆడపిల్లలకిచ్చి, కింద తనూ, పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే భర్త విన్సెంటూ, కూతురు కరుణశ్రీ ఉండేవాళ్లు. హాస్టల్ పిల్లలంతా జావా, ఒరాకిల్, టెస్టింగ్ నేర్చుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఇడ్లీ నములుతూ కూడా ఇంటర్వ్యూ ప్రశ్నలు ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్లు. ఆ ఇంట్లో ఏ కోర్సూ చేయని పిల్ల ఒక్కతే, ఇంటివాళ్ల పిల్ల.

కరుణశ్రీ చేస్తున్నది పీహెచ్‌డీ. మేఘాల్లో మంచు ఎలా గడ్డకడుతుందన్నది ఆమె విషయం. చర్చిలో ఎవరైనా అడిగితే జీవమణి "ఐసు మీద చేస్తోంది" అనేసేది. విన్నవాళ్లు ఐస్‌క్రీము కంపెనీ అనుకుని, మంచి జీతమేనా అని అడిగేవాళ్లు. జీవమణికి లోపల గుచ్చుకునేది. మైత్రీవనం పక్కన ఏదో ఒక కంప్యూటరు కోర్సులో చేరమని కూతురికి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఈ మధ్యనే చెప్పడం మానేసింది.

హాస్టల్లో కరుణశ్రీకి దగ్గరైనవాళ్లు ఇద్దరు. నిజామాబాద్ నుంచి వచ్చిన రవళి ఒకరు, అమలాపురం మంజూష ఒకరు. ఒకరోజు మేడమీద బట్టలు ఆరేస్తూ రవళి అడగనే అడిగింది, నీళ్లు సున్నా దగ్గర గడ్డకడతాయని చిన్న పిల్లలకు సుత తెలుసు గదా, దాని మీద ఇన్నేళ్ల చదువేంటని.

కరుణశ్రీ నవ్వి, తీగ మీద వేలాడుతున్న నీటి చుక్కను చూపించింది. ఫ్రిజ్‌లో గిన్నెడు నీళ్ల సంగతి వేరు, మేఘంలో చుక్క సంగతి వేరని చెప్పింది. అక్కడ చుక్క కంటికి ఆననంత చిన్నది, మహా శుభ్రమైనది. సున్నా దాటి మైనస్ పదికి పోయినా, ఇరవైకి పోయినా నీళ్లుగానే ఉండిపోగలదు. లోపల పట్టుకోవడానికి ఏదైనా నలుసు దొరికితేనే త్వరగా గడ్డకడుతుంది. మన్ను కావచ్చు, ఇంకోటి కావచ్చు. ఆ నలుసులేమిటో వెతకడమే తన పని అంది.

"దొరకకుంటే?" అంది రవళి.

"ఆ మేఘం వాన కురవకుండానే పోవచ్చు."

రవళి ఆకాశం వైపు చూసింది. ఆ రోజు నుంచి కరుణక్క చదువు గురించి హాస్టల్లో ఎవరైనా వేళాకోళమాడితే ఊరుకునేది కాదు.

పంజాగుట్టలో బట్టల దుకాణాల వెనక సందులో ఒక పాత మూడంతస్తుల భవనం ఉండేది. పైఅంతస్తులో కరుణశ్రీ లాబ్. ఆమె గైడు అచ్యుతరావు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మెల్లగా మాట్లాడతాడు, తొందరపడి దేన్నీ నమ్మడు. లాబ్‌లో ముఖ్యమైన సామాను ఒక రాగిపలక. దాన్ని కింద నుంచి చల్లబరుస్తారు. దాని మీద అద్దం ముక్క పెట్టి, సన్నటి గొట్టంతో వరుసగా నీటి చుక్కలు వేస్తారు. పైనున్న కెమెరాలో చూస్తుంటే, పలక చల్లబడేకొద్దీ తేటగా మెరిసే చుక్కలు ఒక్కొక్కటే చటుక్కున తెల్లబడతాయి. ఏ చుక్క ఎంత చలిలో తెల్లబడిందన్నదే లెక్క.

మన్ను కలిపిన చుక్కల్ని పరీక్షించే ముందు ఏమీ కలపని నీటిని పరీక్షించాలి. అది దాదాపు మైనస్ ముప్పై దాకా గడ్డకట్టకుండా నిలబడాలి. కరుణశ్రీ నీళ్లు నిలబడలేదు. మైనస్ ఎనిమిదికో పదికో నాలుగైదు చుక్కలు తెల్లబడి కూర్చునేవి. నీళ్లు మార్చింది. అద్దాలు మార్చింది. గొట్టాలు, చేతి తొడుగులు మార్చింది. కిటికీ సందులకు టేపు అంటించింది. దసరా పోయింది, క్రిస్మస్ పోయింది, ఆ నాలుగైదు చుక్కల పట్టుదల మాత్రం పోలేదు. ఒట్టి నీళ్ల మాట తేలకుండా ఏ మట్టి గురించీ ఒక్క వాక్యం రాయడానికి వీల్లేదని అచ్యుతరావు కచ్చితంగా చెప్పాడు. ఆమె మీద కోపంతో కాదు. పద్ధతి అది.

అట్లాంటి రోజుల్లో లెంటు మొదలైంది. ఈస్టరుకు ముందు వచ్చే ఆ శ్రమదినాల్లో జీవమణి ఇంట్లో మాంసం వండేది కాదు. కొత్త బట్టలు, పూలు ఉండవు. మంజూషకు పొద్దున్నే పూలు కట్టి అందరికీ పంచే అలవాటు. ఎప్పటిలాగే మూర తెచ్చి కరుణశ్రీ జడలో పెట్టబోతే, ఈస్టరు దాకా వద్దని ఆమె చెప్పింది.

ఆ వారమే లాబ్‌లో విచిత్రం జరిగింది. పలక మైనస్ ఎనిమిది దాటింది, పది దాటింది, ఒక్క చుక్కా కదల్లేదు. ఇరవై దాటింది. కరుణశ్రీ ఊపిరి బిగబట్టి కూర్చుంది. ముప్పై దగ్గరపడ్డాక గానీ మొదటి చుక్క తెల్లబడలేదు. పలక చెడిపోయిందేమోనని థర్మామీటరు మార్చి చూసింది. బాగానే ఉంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

అచ్యుతరావు వచ్చి చూసి తల పంకించాడు గానీ నవ్వలేదు. "ఎందుకు బాగుపడిందో తెలియకపోతే, ఎందుకు చెడిందో కూడా తెలియనట్టేనమ్మా," అన్నాడు.

ఆ మాట ఆమెను వదల్లేదు. ఏం మారింది? నీళ్లు అవే, అద్దాలు అవే, గది అదే. ఆలోచిస్తూనే సాయంత్రం పంజాగుట్టలో బస్సెక్కింది. ముందు సీట్లో ఒకావిడ, ఆఫీసు నుంచి వస్తున్నట్టుంది, తలనిండా పూలు పెట్టుకుంది. బస్సు కుదుపుకి ఆ జడలోంచి ఒక చిన్న ఆకు రాలి, సీటు కడ్డీ పట్టుకున్న కరుణశ్రీ చేతి మీద పడింది. మరువం ఆకు. చేత్తో నలిపి వాసన చూసింది. అప్పుడు తట్టింది. చుక్కలు వేసేటప్పుడు తను పలక మీదికి పూర్తిగా వంగుతుంది. వంగితే జడ ముందుకు పడుతుంది. జడలో మంజూష కట్టిన పూలు, పూల మధ్య మరువం.

అమీర్‌పేట స్టాపు వచ్చింది, పోయింది. ఆమె దిగాల్సిన సంగతే మర్చిపోయింది. ఎర్రగడ్డ దగ్గర దిగి, తనలో తను నవ్వుకుంటూ వెనక్కి నడిచింది.

ఇంటికొచ్చి మంజూషను పక్కకు పిలిచి, రేపు పూలు కావాలంది. మంజూష తెల్లబోయింది. వద్దన్నది మీరేగా అక్కా అంది. తలలోకి కాదు, లాబ్‌కి అని చెప్పి, కనకాంబరాలు వేరుగా, మల్లెలు వేరుగా, మరువం వేరుగా పొట్లాలు కట్టించుకుంది. ఒక్కోదాన్ని ఒక్కో సీసా నీళ్లలో కడిగి, ఆ నీళ్లను చుక్కలుగా వేసింది. కనకాంబరం నీళ్లు పెద్దగా తొందరపడలేదు. మల్లె నీళ్లు కాస్త ముందే గడ్డకట్టాయి. మరువం నీళ్లయితే మైనస్ ఎనిమిది దాటకుండానే ఒకదాని వెంట ఒకటి తెల్లబడ్డాయి. అదే నీటిని బాగా మరిగించి మళ్లీ వేస్తే ఆ చురుకుదనమంతా పోయింది. మన్నయితే మరిగించినా అంతగా మారదు. ఇది ఆకు మీద బతికే ఏదో సూక్ష్మజీవి సరుకన్నమాట.

అచ్యుతరావు ఈసారి నవ్వాడు. తలకు టోపీ పెట్టుకోమని మొదటిరోజే చెప్పాల్సింది తనే అని ఒప్పుకున్నాడు. చెప్పకపోవడమే మంచిదయిందని కూడా అన్నాడు. ఆపైన అసలు ప్రశ్న వేశాడు.

"ఇది మన గదిలో మాట. మేఘంలో మాటేమిటి? అక్కడ గడ్డకట్టిన మంచు తెచ్చి చూపించు."

ఈ ఎండల ఊళ్లో మేఘంలోని మంచు నేల మీదికి దిగేది వడగళ్ల రూపంలోనే. వడగళ్లు ఎప్పుడు పడతాయో ఎవరు చెప్పగలరు? కరుణశ్రీ హాస్టల్ కంచాలు కొన్ని శుభ్రంగా నీళ్లలో మరిగించి, పల్చటి అల్యూమినియం రేకు చుట్టి, బీరువాలో పెట్టి సిద్ధంగా ఉంది. కంచాలు తక్కువయ్యాయని జీవమణి సణిగింది. మా నిజామాబాద్ దిక్కు ఎండాకాలం రాళ్లవాన పడుడు మామూలేనని రవళి ధైర్యం చెప్పింది. మట్టల ఆదివారం వెళ్లింది. గుడ్ ఫ్రైడే వెళ్లింది. ఆకాశం ఎండకు తెల్లగా మండుతూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం గాలి మారింది. మర్నాడు ఈస్టరు. బోరబండ నుంచి చుట్టాలు, చర్చి నుంచి అయ్యగారి కుటుంబం భోజనానికొస్తారని జీవమణి ఫ్రీజర్ నిండా మాంసం తెచ్చి సర్దింది. మూడు దాటేసరికి పడమట నల్లగా కమ్ముకొచ్చింది. సుడిగాలి లేచి, కరెంటు స్తంభాలకు అంటించిన కోచింగ్ సెంటర్ల కాగితాలన్నిటినీ పీకి పైకెత్తింది. గ్యారంటీ ఉద్యోగాలన్నీ మేడల మీద ఎగురుతున్నాయి. నీళ్ల ట్యాంకు మూత మీద టంగుమని ఒకటి పడింది. వెనకే ఇంకోటి.

"అక్కా, రాళ్లవాన!" మెట్ల మీద నుంచి రవళి కేక.

కరుణశ్రీ కంచాలు పట్టుకుని మేడమీదికి పరుగెత్తింది. రేకులు లాగేసి వరుసగా పరిచింది. ఉసిరికాయలంత రాళ్లు, మధ్యమధ్య నిమ్మకాయలంతవి, కంచాల్లో దబదబా పడ్డాయి. రవళి విన్సెంట్ స్కూటరు హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. మంజూష బట్టలుతికే టబ్బు నెత్తిన బోర్లించుకుంది. మిగతా పిల్లలు కుక్కరు మూతలు, పీటలు అడ్డం పెట్టుకుని దిగారు. నేల మీద పడ్డవి ముట్టుకోవద్దు, కంచంలో పడ్డవే కావాలని కరుణశ్రీ అరుస్తోంది. తొడుగులేసుకున్న చేతులతో పెద్దవాటిని ఏరి కొత్త ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి బిగిస్తోంది. పక్క మేడల మీదా జనమే. కోచింగ్ క్లాసుల్లోంచి బయటికొచ్చిన మగపిల్లలు చొక్కాలు చాచి రాళ్లు పట్టుకుంటున్నారు. ఆ పది పదిహేను నిమిషాలూ అమీర్‌పేటలో ఎవరికీ జావా గుర్తున్నట్టు లేదు.

తడిసి ముద్దయి, సంచులు పొట్టకు హత్తుకుని కరుణశ్రీ వంటింట్లోకి దూసుకొచ్చింది. ఫ్రిజ్ ముందు తల్లి నిలబడి ఉంది.

"అమ్మా, ఫ్రీజర్‌లో కొంచెం చోటు..." అని ఆగిపోయింది. అందులో ఏముందో ఆమెకు తెలుసు.

జీవమణి కూతురి చేతుల్లోని సంచుల వైపు చూసింది. రాళ్ల అంచులు అప్పుడే కరుగుతున్నాయి. "ఇవి పోతే మళ్లీ ఎప్పుడు?" అంది.

"తెలీదమ్మా. వచ్చే ఏడు పడితే పడొచ్చు."

జీవమణి ఫ్రీజర్ తలుపు తీసి, మాంసం పొట్లాలన్నీ గట్టు మీదికి లాగేసింది. పైటతో లోపలంతా తుడిచి పక్కకు జరిగింది. "పెట్టు. మాంసం మళ్లీ దొరుకుతుంది."

కరుణశ్రీ సంచులు లోపల పెట్టి ఏదో అనబోతే తల్లి వినిపించుకోకుండా మంజూషను పిలిచి పెద్ద గిన్నె దించమంది. బయటికి తీసిన మాంసం రేపటిదాకా ఆగదు, ఇవాళే వండెయ్యాలి. ఈస్టరు విందు హాస్టల్ పిల్లలకు ఒకరోజు ముందే వచ్చిందన్నమాట.

ఉల్లిపాయలు వేగుతుండగా కరెంటు పోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనీ, ఇప్పట్లో రాదనీ విన్సెంట్ కబురు తెచ్చాడు. గంట గడిచేసరికి ఫ్రీజర్ అంచు నుంచి నీటి చుక్క జారింది. కరుణశ్రీ ఒక్క క్షణం నిలబడి ఆలోచించింది. లాబ్‌లో డీప్ ఫ్రీజర్ ఉంది, దానికి జనరేటరూ ఉంది. అక్కడిదాకా కరగకుండా చేర్చాలి. మేడ మీద కాలవ పక్కన రాళ్లు ఇంకా కుప్పగా ఉన్నాయి. వాటిని బకెట్ నిండా ఎత్తుకు రమ్మని పిల్లల్ని పంపింది. వంటింట్లో కల్లుప్పు డబ్బా అందుకుని, మంచు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసి, మధ్యలో సంచుల్ని కూరింది. మంచులో ఉప్పు కలిస్తే సున్నా కంటే చల్లబడుతుంది. లోపలి సంచులు బండల్లా బిగిశాయి.

ఆటోలు కదిలే స్థితి లేదు. రవళీ తనూ బకెట్‌ను రెండు వైపులా పట్టుకుని నడిచారు. రోడ్డంతా రాలిన ఆకులు, కొమ్మలు. పంజాగుట్ట చౌరస్తాలో పిక్కల్లోతు నీళ్లు. ఎటు చూసినా బండ్లు, ఎవరూ కదలడం లేదు. అయినా ఆ సాయంత్రం ఎవరి మొహంలోనూ విసుగు లేదు. ఎండలకు వేగిన ఊరు చల్లబడింది. ఆగిన బస్సులోంచి ఒకతను బకెట్‌లో ఏముందని అడిగితే, రవళి ఠీవిగా "మేఘంల పుట్టిన మంచు అన్నా" అంది. అతను నవ్వి, వాళ్లు దాటేందుకు ముందున్న బండ్లవాళ్లను జరగమని కేకేశాడు.

లాబ్ వాచ్‌మన్ మొగిలయ్య గేటు తీశాడు. సంచులు డీప్ ఫ్రీజర్‌లోకి చేరాయి. ఫ్రీజర్ మీది ముల్లు మైనస్ ఇరవై చూపిస్తుంటే, ఇద్దరూ నేల మీద కూలబడి, ఊపిరందనంతగా నవ్వారు.

తిరిగొచ్చేసరికి కొవ్వొత్తుల వెలుగులో వడ్డన సాగుతోంది. ఇంట్లో ఉప్పంతా బకెట్‌లోకి పోయిందని కూర దించబోతుంటే గానీ జీవమణికి తెలియలేదట. మంజూష పరుగున కొట్టుకెళ్లి తెచ్చింది. లెంటు ఇంకా అయిపోలేదు గనక జీవమణి రుచి చూడలేదు, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పమని అందరికీ గరిటెతో పోసింది. పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టించుకుని తిన్నారు. కరుణశ్రీ పెరుగన్నం తిని, వాళ్ల మధ్యనే గోడకానుకుని కూర్చుంది. మర్నాడు చుట్టాలకూ అయ్యగారికీ పప్పూ వంకాయకూరా దొరికాయి. వడగళ్ల కథ చెప్పాక ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. వాళ్ల ఇళ్ల ముందు పడినవి ఎంతెంత లావున్నాయో చెప్పుకోవడంతోనే భోజనాలయ్యాయి.

సోమవారం కరుణశ్రీ టోపీలో జడ మొత్తం దోపుకుని పని మొదలుపెట్టింది. ఒక్కో వడగల్లునూ శుభ్రమైన నీటితో కడిగి, పైపొరలు కరగనిచ్చి, లోపలి గుండును మాత్రం వేరుచేసింది. మేఘంలో మొదట గడ్డకట్టింది అదే. దాని నీళ్లు చుక్కలుగా వేసి కెమెరా ముందు కూర్చుంది. అచ్యుతరావు వెనక కుర్చీ లాక్కున్నాడు.

మైనస్ ఆరు. ఏడు. మూలన ఒక చుక్క తెల్లబడింది. దాని పక్కది. మధ్య వరుసలో ఒకేసారి రెండు.

అవే నీళ్లను మరిగించి వేసి మళ్లీ చల్లబరిచారు. ఇరవై దగ్గరపడేదాకా ఏమీ జరగలేదు. అచ్యుతరావు ఇంకో రాయి కానివ్వమన్నాడు. ఆ తర్వాత ఇంకోటి. మూడోదీ అదే మాట చెప్పాక లేచి, కిటికీ దగ్గరికెళ్లి, చాలాసేపు ఆకాశం చూశాడు. కరుణశ్రీ ఉండబట్టలేక, మేఘంలో కూడా ఆకు ఉందని రాయొచ్చా సార్ అని అడిగింది.

"ఆకు అని రాయకు. ప్రాణమున్నదాని నుంచి వచ్చిన నలుసు అని రాయి. మనకు తెలిసింది అంతవరకే," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఆయన మొహం నిండా నవ్వుంది. "ఆ అంతవరకు రావడమే చాలా దూరం వచ్చినట్టమ్మా. నేనైతే ఈ గదిలో ఇన్నేళ్లలో ఇంత మంచి సోమవారం చూడలేదు."

ఆ మాట ఇంట్లో చెబితే, జీవమణి చేతులు తుడుచుకుంటూ విని, అదేదో నాకూ ఒకసారి చూపించు అంది. ఇన్నేళ్లలో ఆమె ఆ మాట అనడం మొదటిసారి. ఆ వారంలోనే అచ్యుతరావును అడిగి, కరుణశ్రీ తల్లిని, రవళిని, మంజూషను లాబ్‌కి తీసుకెళ్లింది. జీవమణి చర్చికి కట్టుకునే పట్టుచీర కట్టుకుంది. ముగ్గురికీ టోపీలు పెట్టి, తెర ముందు కూర్చోబెట్టి, వడగళ్ల నీళ్లు చుక్కలుగా వేసి పలకను చల్లబరిచింది.

కాసేపు ఏమీ కాలేదు. రవళికి ఓపిక తక్కువ. తెర మీద వేలు పెట్టి, గీ నడిమిది నాది అంది. మంజూష అంచున ఉన్నది తనదంది. ఆంటీ మీరు కూడా ఒకటి పట్టండంటే, జీవమణి మొహమాటపడుతూనే కిందివరుసలో కాస్త పెద్దగా కనిపించే చుక్కను చూపించింది.

మైనస్ ఏడు దాటగానే రవళి చుక్క చటుక్కున తెల్లబడింది. రవళి చప్పట్లు కొట్టింది. కాసేపటికి మంజూషది. తర్వాత చుట్టుపక్కలవన్నీ ఒకదాని వెంట ఒకటి తెల్లబడ్డాయి. జీవమణి కుర్చీ అంచుకు జరిగి, తెర మీదికి వంగిపోయింది. ఆమె చుక్క మాత్రం పది దాటినా, పన్నెండు దాటినా, తేటగా మెరుస్తూ అలాగే ఉండిపోయింది.

"నాదెందుకు కట్టలేదే?" అంది కూతురితో.

దాంట్లో నలుసు లేదేమోనమ్మా, శుభ్రమైన చుక్క అయ్యుంటుందని కరుణశ్రీ చెప్పింది.

జీవమణి ఆ చుక్కనే చూస్తూ, మురిసిపోతున్న మొహంతో అచ్యుతరావు వైపు తిరిగింది. "ఏమీ అనుకోకండి సార్. అదెందాకా పోతుందో చూసే వెళ్తాం," అని, పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని, కుర్చీలో స్థిరంగా కూర్చుంది.